సిద్దిపేట చాకు, పదకొండు నిమ్మమొక్కలు

మా గోదావరి వైపు ఎవరైనా కాశీకి వెళ్లొస్తే పదిమంది అరుగు మీద చేరి కథలు వింటారు. నేను సిద్దిపేట వెళ్లొచ్చానంటే మాత్రం, "అక్కడ ఏ దేవుడున్నాడు?" అని అడిగారు. నేను దేవుడి కోసం వెళ్లలేదు. ఒక పెద్దావిడకు నోరు జారి ఇచ్చిన మాట కోసం వెళ్లాను. వారంలో తిరిగి రావలసినవాణ్ణి నెల చేసి వచ్చాను. చూసినవీ తిన్నవీ నవ్వులపాలైనవీ అడిగినవారందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక రాసి పెడుతున్నాను.

నా పని మొక్కలకు అంటు కట్టడం. రెండేళ్ల కిందట శ్రీరామనవమికి లాంచీలో అంటుమొక్కలు వేసుకుని భద్రాచలం తిరునాళ్లకు వెళ్లాను. అక్కడ నర్సవ్వ అనే ఆవిడ నా దగ్గర ఒక బత్తాయి తిని, తొక్కను కూడా నలిపి వాసన చూసి, "గీ చెట్టు మా ఊర్ల అయితదా?" అని అడిగింది. వాళ్లది సిద్దిపేట దగ్గర వేములఘాట్. అంటుమొక్కను అంత దూరం మోసుకుపోలేనంది. సరేనని గుప్పెడు జంబీరం గింజలు పొట్లం కట్టి ఇచ్చాను. జంబీరం అంటే ముళ్ల నిమ్మ. కాయ నోట పెట్టలేం గాని వేరు గట్టిది. దాని కాండం మీద బత్తాయి కన్ను, అంటే చిగురేసే మొగ్గ, ఒకటి అతికిస్తే పైన బత్తాయే కాస్తుంది.

"అతికిచ్చుడు నాకేమెరుక?" అంది నర్సవ్వ.

"మొక్కలు చిటికెనవేలంత లావయ్యాక కబురు పెట్టండి, నేనే వచ్చి కడతాను" అన్నాను. తిరునాళ్లలో మనం ఎన్ని మాటలు అనం!

మొన్న దీపావళి వెళ్లిన వారం ఒక కార్డు వచ్చింది. ఎవరి చేతో రాయించింది. "మొక్కలు చిటికెనవేలు లావైనవి. పదకొండు బతికినవి. వస్తానని నీవు చెప్పినావు." అంతే ఉంది. మా ఆవిడ దాన్ని రెండుసార్లు చదివి, "ఇందులో రమ్మని ఎక్కడా లేదు, అందుకే మీరు వెళ్లక తప్పదు" అంది.

తల్లిచెట్టు నుంచి మంచి కన్నులున్న పుల్లలు కోశాను. ఆకులు కత్తిరించి తొడిమలు మాత్రం ఉంచాను. తడిగోనెలో చుట్టి, అరటిదొప్పలో పెట్టి, నారతో బిగించాను. ఇలా కట్టిన పుల్ల వారం రోజులు పచ్చిగా ఉంటుంది, పదో రోజుకు వంటచెరకు. పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఆ కట్టను ఒళ్లో పెట్టుకుని రైలెక్కాను. జేబులో సీమ చాకు ఉంది. మా నాన్న కొన్నది, నేను పదిహేనేళ్లుగా వాడుతున్నది.

బొగ్గుల బస్సు

సికింద్రాబాదులో దిగగానే నేను కొంచెం ధనవంతుణ్ణయ్యాను. మన రూపాయిని అక్కడ కల్దారంటారు, వాళ్లది హాలీ. ఆరు కల్దార్లిస్తే ఏడు హాలీలు చేతిలో పెట్టారు. ఆ సంతోషంలో ఒక హోటల్లో కూర్చుని చాయ్ తాగాను. మన టీ గొంతులోంచి జారిపోతుంది, అది కాసేపు నిలబడి మాట్లాడుతుంది.

యుద్ధం వల్ల పెట్రోలు దొరక్క సిద్దిపేట బస్సు బొగ్గుల మీద నడుస్తోంది. వెనక ఒక పెద్ద డ్రమ్ము, దాని కింద నిప్పు. ఆ పొగ గొట్టంలోంచి ఇంజనులోకి పోతుందట. చదునుగా ఉన్నచోట బస్సు మనల్ని మోస్తుంది. ఎత్తు వచ్చినప్పుడు మనం దిగి దాని వెంట నడవాలి. ఎవరూ విసుక్కోలేదు. దిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు బీడీ ముట్టించేవారు, ఎవరో ఒకరు పక్క చెలకలో మనిషిని పలకరించేవారు. మా వైపు బస్సు ఆగితే కండక్టరుతో జగడం మొదలవుతుంది.

బస్సులో నా పక్కన కూర్చున్నవాళ్లు సీతాఫలాలు పెట్టారు. గంపెడు పండ్లు రెండణాలకు కొన్నారట. మా ఇంట్లో ఒక పండును నలుగురం పంచుకుంటాం. వాళ్లు నాకు ఒక్కడికే ఆరు ఇచ్చారు. మరి నా మర్యాద నేను చూపించాలి గదా. సంచిలోంచి జామకాయలు తీసి, సీమ చాకుతో ముక్కలు కోసి పంచాను. చాకు పదును గురించి, అది ఓడలో వచ్చిన సంగతి గురించి కూడా చెప్పాను. అడగనివి కూడా చెప్పాను.

ప్రజ్ఞాపూర్ దాటాక బస్సు దగ్గి ఆగింది. డ్రైవరు ఖాదర్ దిగి, గొట్టం ఊడదీసి, లోపల మసి గట్టిపడిందన్నాడు. తరువాత నా దగ్గరికే వచ్చాడు.

"అయ్యా, మీ చాకు జర ఇస్తరా? గీకి ఇస్త."

అంత పొగిడాక ఇవ్వనని ఎలా అంటాను? ఇచ్చాను. అతను రెండుసార్లు గీకాడు. మూడోసారి మెలితిప్పాడు. టప్పుమని శబ్దం వచ్చింది. సగం రేకు గొట్టంలో ఉండిపోయింది, సగం అతని చేతిలో ఉంది.

ఖాదర్ ముఖం చూస్తే నాకు కోపం కూడా రాలేదు. ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. "నా చేతులనే ఇరిగింది. ఏం పని మీద పోతున్నరు?" అన్నాడు. చెప్పాను. చాకు లేకపోతే ఒళ్లో ఉన్న కట్ట ఎందుకూ పనికిరాదని కూడా చెప్పాను. అప్పటికి పుల్లలు కోసి మూడు రోజులు.

బస్సులోవాళ్లంతా ఆ మాట విన్నారు. ఖాదర్ తన సీటు కింద చెయ్యి పెట్టి బట్టలో చుట్టిన ఇనుప పట్టీ ఒకటి తీశాడు. విరిగిన బస్సు కమాను, అంటే చక్రాల మీది స్ప్రింగు పట్టీ, దాని ముక్క. యుద్ధం రోజుల్లో అలాంటి ఇనుము డబ్బు పెట్టినా దొరకదు.

"దాచుకున్న. మీరు తీస్కోన్రి. సిద్దిపేటల లచ్చయ్య అని కమ్మరాయన ఉన్నడు. ఖాదర్ ఇచ్చిండని చెప్పున్రి. జరంత గట్టిగ చెప్పున్రి, ఆయనకు ఇనిపియ్యది."

సిద్దిపేట బజారు

ఖాదర్ మాట నేరుగా విని ఉంటే బాగుండేది. ఆ రాత్రి సత్రంలో పడుకుని, పొద్దున్నే బజారు మీదుగా వెళ్లాను. ఒకతను గోనెపట్టా పరిచి ఇత్తడి పిడుల మడత చాకులు అమ్ముతున్నాడు. ఒకటి చేప ఆకారంలో ఉంది. కంటికి ఎర్ర రాయి, తోక మీద పొలుసులు. తెరిస్తే అద్దంలా మెరిసింది. కమ్మరి దగ్గర ఎంతసేపవుతుందో అని పద్నాలుగణాలిచ్చి దాన్ని కొనేశాను. తీరా కోమటిచెరువు గట్టు మీద కూర్చుని ఒక తుమ్మపుల్ల చెక్కబోతే, రేకు పుల్లను కోయడం మాని మడతలో అటూ ఇటూ ఊగింది. చేప మాత్రం ఎర్ర కన్నుతో నన్నే చూస్తోంది.

అప్పుడు వెళ్లాను లచ్చయ్య కొలిమికి.

తాటాకు పందిరి కింద లచ్చయ్య నాగలి కర్రు సాగగొడుతున్నాడు. ఆయన భార్య బాలవ్వ తిత్తి లాగుతోంది. నేను ఖాదర్ పేరు గట్టిగా చెప్పాను. లచ్చయ్య తల ఊపి పని చేసుకుంటూనే ఉన్నాడు. "నాకు చెప్పు తమ్మీ. ఆయన చెవులు నేనే" అంది బాలవ్వ. సుత్తె చప్పుడుకు ఆయన చెవులు ఎప్పుడో పోయాయట. బేరం, మాట, మొహమాటం అన్నీ ఆవిడవే.

"అంటు కట్టడానికి చాకు కావాలండీ" అన్నాను.

"అంటా? ఎవలకు అంటు? ఏడ ముట్టుకున్నరు?" అని తిత్తి వదిలేసి వెనక్కి జరిగింది. మైల అంటుకుందనుకుంది పాపం. మొక్క సంగతి విడమరిచి చెప్పేసరికి నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భర్త భుజం తట్టి, సైగలతో, ఒక చెట్టు కన్ను తీసి ఇంకో చెట్టుకు పెట్టడం చూపించింది. లచ్చయ్య మొదటిసారి సుత్తె ఆపి నా వైపు చూశాడు.

చేప చాకు చూపించాను. బాలవ్వ దాన్ని తెరవను కూడా తెరవలేదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. లోపల గలగలమంది. "పిల్లలు ఆడుకోను మంచిగుంటది" అని పక్కన పెట్టింది.

కూర్చుని చూడు

మా వైపు చాకు కొనాలంటే పదును చూస్తాం. బొటనవేలితో రేకును అడ్డంగా తడిమి, తల ఊపి, జేబులో వేసుకుంటాం. బాలవ్వ లెక్క వేరు. గూట్లోంచి మూడు మడత చాకులు తెచ్చి నేల మీద పెట్టింది. గొల్లవాళ్ల కోసం చేసినవి, బర్రెకొమ్ము పిడులవి.

"చేతులు కడుక్కో. తుడ్సుకోకు" అంది. తడి చేత్తో తెరవమంది. పెద్దది తెరవబోతే గోరు జారింది. "నీ పని చెట్టుకాడ. చెయ్యి తడిగనే ఉంటది. తడి చేతికి తెరువనిది నీది కాదు."

తరువాత ఒక ఉల్లిగడ్డ ఇచ్చి పైపొర ఒక్కటే తీయమంది. రెండో చాకు లోపలి కండ దాకా దిగింది. రేకు మందమట, గొర్రెకూ కంపకూ పనికొస్తుందట.

మూడోది బాగుంది. పొర కాగితంలా వచ్చింది. నేను సంతోషంగా దాన్ని పంచె మడతలో దోపుకున్నాను.

"కూసో" అంది.

"కూర్చోనే ఉన్నాను కదండీ."

"గట్ల కాదు. మొక్క నాటేటోడు కూసున్నట్టు కూసో."

గొంతుకూర్చున్నాను. పిడి కొస వెళ్లి పొట్టలో పొడిచింది. లేచి మళ్లీ కూర్చుంటే తొడలో పొడిచింది. నవ్వుకు లచ్చయ్య భుజాలు కదిలాయి. చెవులు వినిపించకపోయినా కళ్లు బాగానే ఉన్నాయి ఆయనకు.

"చాకుతోటి దినమంత కొయ్యవు తమ్మీ. ఏ పదిసార్లో కోస్తవు. కడమ పొద్దంత మోస్తవు. మోసుటానికి మంచిగున్నదే మంచి చాకు" అంది బాలవ్వ.

నేను పదిహేనేళ్లు చాకు వాడాను. ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు.

నాకు కావలసింది వాళ్ల దగ్గర సిద్ధంగా లేదు. పల్చటి రేకు, తిన్నని అంచు, నా అరచేతికంటే వేలెడు తక్కువ పిడి ఉండాలి. పిడి తోక చదునుగా, మొద్దుగా ఉండాలి. మొక్క తోలు కోశాక దాన్ని చిరగకుండా పైకి లేపడానికి అది కావాలి. ఇది చెప్పగానే బాలవ్వ ఒక కొమ్ముముక్క ఏరింది. పిడి పని ఆవిడదేనట. అయితే ఆవిడ పిడి చెక్కుతుంటే తిత్తి ఎవరు లాగాలి?

నేనే లాగాను. నేను లాగిన తీరుకు నిప్పు ఒకసారి ఎగిసి ఒకసారి చచ్చిపోయేది. లచ్చయ్య చాలాసేపు సహించి, ఆ రోజు మొత్తంలో నాతో ఒకే ఒక్క మాట అన్నాడు. "ఊపిరి తీస్కున్నట్టు లాగాలె." అప్పుడు కుదిరింది. ఖాదర్ కమాను ముక్క ఎర్రబడింది, సాగింది, పలచబడింది. మళ్లీ కాల్చి నీళ్లలో ముంచినప్పుడు వచ్చిన చుయ్ అనే చప్పుడుకు నా ఒళ్లు పులకరించింది. నా అంటుపుల్లల కట్ట ఆ పూటంతా వాళ్లింటి నీళ్ల గోలెం పక్కన చల్లటి ఇసుకలో పడుకుంది. బాలవ్వే పెట్టింది, నేను అడగకముందే.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టారు. చింతపండు పులుసును కాచకుండా తాగడమేమిటని మొదట జంకాను. ఉల్లిముక్కలు నలిపి, పచ్చిమిరపకాయ కాల్చి వేసిన ఆ పులుసు కొలిమి వేడిలో ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మూడుసార్లు అడిగి పోయించుకున్నాను. మా ఇంట్లో ఇప్పుడు వారానికోసారి చేస్తున్నాం.

పొద్దు వాలకముందే చాకు తయారైంది. నల్ల కొమ్ము పిడి, రెండు ఇత్తడి మేకులు. తెరిస్తే నిలబడింది, మూస్తే ఒదిగి పడుకుంది. ఇనుము నేనే తెచ్చాను కాబట్టి కూలి పన్నెండణాలు చాలన్నారు. పొగ పీల్చి తిత్తి లాగింది లెక్కలోకి రాలేదు. అందుకోబోతే బాలవ్వ నా చేతికివ్వలేదు. నేల మీద పెట్టింది. చాకు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి నేరుగా పోతే ఇద్దరికీ పడదట. మేము ఉప్పూ మిరపకాయా అలా చేతికివ్వం, వాళ్లకు చాకు కూడా ఆ జాబితాలో ఉంది. వంగి తీసుకున్నాను. పిడికి వేసిన బెజ్జంలోంచి దారం ఎక్కించి మొలతాడుకు కట్టుకొమ్మంది. "కట్టుకోనోడు రేపో ఎల్లుండో మళ్ల నా తానికే వస్తడు" అంది.

వేములఘాట్

జొన్నలు అమ్ముకుని తిరిగి పోతున్న ఎడ్లబండి మీద మరునాడు వేములఘాట్ చేరాను. నర్సవ్వ పొలం ఊరి చివర మోటబావి పక్కన ఉంది. ఆవిడ నన్ను చూసి ఆశ్చర్యపడలేదు. ముందు నా చేతిలో కట్టను చూసింది, వేలితో తడి తాకింది, ఆ తరువాత నా ముఖం చూసింది.

"వచ్చినవా కొడుకా. కాళ్లు కడుక్కో" అంది.

"నర్సమ్మగారూ, మొక్కలు..." అని మొదలుపెట్టానో లేదో మోట తోలుతున్న ఆమె భర్త రాజయ్య పకపకా నవ్వాడు. గారు అంటే ఎవరో పెద్దింటావిడ వచ్చిందని వెనక్కి చూశాడట. అప్పటినుంచి నేనున్నన్ని రోజులూ ఆయన భార్యను "ఓ గారూ, నీళ్లు తే" అని పిలుస్తూనే ఉన్నాడు.

ఊళ్లో సగం మంది నేను రానని పందెం వేశారట. నర్సవ్వ మాత్రం రెండేళ్లుగా ఆ పదకొండు మొక్కల చుట్టూ కంచె కట్టి, బిందెలతో నీళ్లు పోసి పెంచింది. ప్రతి నెలా తన చిటికెనవేలు పక్కన పెట్టి కొలిచేదట. రాజయ్యకు వేరే భయం. నాకు గటక పెడుతూ చెప్పాడు. గటకంటే జొన్నరవ్వ ముద్ద, మన అన్నానికి అన్నలాంటిది.

"కాయ తియ్యగైందని దొరకు తెలిస్తే గంపలు గడీకే పోతయి. మనం పెంచుడు, ఆళ్లు తినుడు. ఎందుకొచ్చిన పరేషాన్?"

"పదకొండు చెట్ల కాయ తినేటంత నోరు ఎవలికున్నది? ఆళ్లు తినంగ మిగిలిందే ఊరంత తింటది. నువ్వైతే మోట తోలు" అంది నర్సవ్వ.

మరునాటి పొద్దున మొదలుపెట్టాను. ఊరు ఊరంతా కంచె బయట నిలబడింది. పుల్లలు కోసి అది ఆరో రోజు. రెండు పుల్లల కొసలు అప్పటికే ముడుచుకున్నాయి. మొదటి మొక్క దగ్గర గొంతుకూర్చున్నాను. పొట్టలో ఏదీ పొడవలేదు. మొక్క తోలు మీద అడ్డంగా ఒక గాటు, కిందికి ఒక గాటు పెట్టి, పిడి తోకతో తోలు రెండు వైపులా లేపాను. తడి మెరిసింది. ఆ తడి ఉంటేనే కన్ను అతుకుతుంది. పుల్ల మీద నుంచి కన్నును పల్చగా చెక్కి ఆ తోలు కిందికి జారవిడిచి అరటినారతో చుట్టాను. సీమ చాకుతో నేనెప్పుడూ ఇంత పల్చగా చెక్కలేదు. ఆ గర్వంలోనే రెండో మొక్కకు నా ఎడమ బొటనవేలు కోసుకున్నాను. ఊరంతా అయ్యయ్యో అంది. నర్సవ్వ పసుపు అద్ది గుడ్డ కట్టి, "కొత్త చాకు మొదలు ఇంటోన్నే కరుస్తది. ఇగ కరువదు" అంది.

పది మొక్కలు అయ్యాయి. పదకొండోదానికి నర్సవ్వ చాకు నేల మీద పెట్టమన్నట్టు చెయ్యి చూపింది. "గది నేను కడత."

వద్దనాలనిపించింది. ఒక కన్ను వృథా. కానీ ఆవిడ పది మొక్కలూ రెప్ప వేయకుండా చూసింది. చాకు నేల మీద పెట్టాను. ఆవిడ తీసుకుంది. గాటు వంకర పోయింది. కన్ను మందంగా చెక్కింది. తోలు ఒకవైపు చిరిగింది. నేను నోరు తెరవబోతే రాజయ్య కళ్లతో వద్దన్నాడు. ఆవిడ నార చుట్టి, ముడి వేసి, లేచి, నడుం మీద చేతులు పెట్టుకుని, "అయింది" అంది.

పద్దెనిమిది రోజులు

నేను మూట సర్దుకుంటుంటే నర్సవ్వ గుమ్మంలో నిలబడింది.

"ఏడికి?"

"పని అయింది కదమ్మా."

"కన్ను బతికిందో సచ్చిందో ఎప్పుడు ఎరుకైతది?"

"రెండు వారాలు దాటాలి."

"అయితే చూసి పో."

ఇక అంతే. పద్దెనిమిది రోజులు ఉన్నాను. మా ఆవిడకు కార్డు రాశాను. "సరే, ఆవిడ చెప్పినట్టు చెయ్యండి" అని జవాబు వచ్చింది.

చాకు మోయడమంటే ఏమిటో ఆ పద్దెనిమిది రోజుల్లో తెలిసింది. మా ఊళ్లో నా చాకు నా పనికే. అక్కడ ఒకరి నడుం దగ్గర చాకుంటే అది చుట్టూ పది అడుగుల్లో ఉన్నవాళ్లందరిదీ. పొద్దున్నే వేపపుల్ల కోయడంతో మొదలు. తరువాత మోట తాడు పీచు కత్తిరించాలి. ఎవరి కాలిలోనో తుమ్మముల్లు తీయాలి. పొగాకు తరగాలి. విస్తరి కుట్టే మోదుగాకుల తొడిమలు కోయాలి. మగవాళ్లు మొలతాడుకు కట్టుకుంటే ఆడవాళ్లు రొండిన దోపుకుంటారు. నర్సవ్వది అరిగి అరిగి అరచంద్రుడిలా మిగిలిన పాత చాకు, ఉల్లిగడ్డకు తప్ప పనికిరాదు. కల్లు గీసే ఒకాయన నా చాకు చూసి, "లచ్చయ్యదా?" అని పిడి చూసే చెప్పాడు. ఆ రోజు నాకు ముంతెడు కల్లు ఉచితం. మాది కొబ్బరికల్లు కాస్త ఘాటు, వాళ్లది తాటికల్లు, పొద్దున్నే తాగితే చెరకుపానకమే. రెండు ముంతల తరువాత తేడా చెప్పగల స్థితిలో నేను లేను.

ఒకరోజు బావి అంచున వంగి నీళ్లు తోడుతుంటే నడుం దగ్గర ఏదో జారింది. చూద్దును గదా, చాకు బావిలోకి వేలాడుతోంది, దారానికి. కింద నలభై అడుగుల నీళ్లు. బాలవ్వకు అక్కడి నుంచే దండం పెట్టాను. మళ్లీ ఆవిడ దగ్గరికి వెళ్లే అవసరం చాకు పోగొట్టుకుని మాత్రం కలగకూడదనుకున్నాను.

తొడిమ

పద్దెనిమిదో రోజు కట్లు చూశాం. కన్ను దగ్గర మిగిల్చిన ఆకు తొడిమను వేలితో తాకాలి. ముట్టుకోగానే ఊడిపడితే కన్ను బతికినట్టు. ఎండి అతుక్కునే ఉంటే చచ్చినట్టు. మొదటిది తాకాను, ఊడింది. రెండోది నల్లబడి అలాగే ఉంది. నా బొటనవేలి రక్తం దానికి పడలేదన్నారు ఎవరో. మొత్తం పదిలో ఎనిమిది ఊడాయి. కంచె బయట లెక్క పెడుతున్నవాళ్లు ప్రతిదానికీ ఒక కేక వేశారు.

పదకొండోదాని దగ్గరికి వచ్చేసరికి నర్సవ్వ లేదు. బర్రెకు గడ్డి వేసి వస్తానని వెళ్లిందట. బర్రె ముందు అప్పటికే మోపెడు గడ్డి ఉంది.

"మీరు చూడండి" అన్నాను రాజయ్యతో. ఆయన నీళ్ల చేతులు పంచెకు తుడుచుకుని, వంగి, ఒక్క వేలితో తొడిమను మెల్లగా తాకాడు. అది టక్కున ఊడి నేల మీద పడింది. రాజయ్య ముఖం పాలిపోయింది. పది మొక్కలు చూసినా ఆ గాభరాలో ఊడడమే మంచిదన్న సంగతి మరిచిపోయాడు.

"నేనేం చెయ్యలే. నేను ముట్టుకోంగనే ఊడింది. దానికి చెప్పకు కొడుకా" అన్నాడు, ఆ తొడిమను తీసి మళ్లీ అతికించబోతూ.

కంచె బయటివాళ్లకు అర్థమై నవ్వు మొదలైంది. నార విప్పాను. వంకర గాటు మీద చిరిగిన తోలు కలిసిపోయి, మధ్యలో ఆకుపచ్చటి కన్ను ఉబ్బి ఉంది. రాజయ్య అప్పుడు తేరుకుని పశువుల కొట్టం వైపు పరుగు పెట్టాడు. "ఓ గారూ, ఓ గారూ" అని పిలుస్తూ వెళ్లాడు. ఈసారి వెక్కిరింపు కాదు.

నర్సవ్వ వచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని కన్నును చాలాసేపు చూసింది. చివరికి, "సచ్చిన రెండిటికి మళ్ల నేనే కడత. పుల్లలు ఎప్పుడు పంపుతవు?" అంది.

మళ్లీ సిద్దిపేట

వెళ్లేరోజు నర్సవ్వ నాతోపాటు బండెక్కింది. చాకు చేయించుకోవాలట. నా చాకు ఇచ్చి పోదామనుకున్నాను, నిజంగానే తీసి బండిలో ఇద్దరి మధ్యా పెట్టాను. ఆవిడ పట్టుకుని చూసి తిరిగి పెట్టేసింది. "నీ చెయ్యి చిన్నది కొడుకా. నాకు రాదు గిది."

కొలిమి దగ్గర బాలవ్వ మూడు చాకులు పరచబోయింది. నర్సవ్వ అటు చూడలేదు. తన పాత చాకు నేల మీద పెట్టి, ఎక్కడ అరిగిందో, ఏ వేలు ఎక్కడ నొక్కుతుందో చూపించి, పిడి ఇంత, తోక ఇంత, రేకు గింత అని వేళ్లతో కొలిచి చెప్పింది. తడిచెయ్యి, ఉల్లిగడ్డ, గొంతుకూర్చోవడం ఏవీ అవసరం రాలేదు. బాలవ్వ అంతా విని భర్త భుజం తట్టి, "ఈమె ఎరికున్న మనిషి" అని సైగ చేసింది. ఖాదర్ ఇనుములో ఇంకా ముక్క మిగిలి ఉంది. నేను అడగకుండానే వెళ్లి తిత్తి దగ్గర కూర్చున్నాను. లచ్చయ్య ఈసారి ఏమీ అనలేదు. దాన్ని నేను మెచ్చుకోలు కిందే జమకట్టుకున్నాను.

మరునాటి పొద్దున కొత్త చాకు రొండిన దోపుకుని నర్సవ్వ కూడా బస్సు బయలుదేరే చోటికి నడిచి వచ్చింది. ఖాదర్ అప్పటికే నిప్పు రాజేస్తున్నాడు. నా నడుం దగ్గర కొమ్ముపిడి చూసి సలాం చేశాడు. నేనెక్కి కిటికీ దగ్గర కూర్చున్నాను. చెప్పవలసిన మాటలు కొన్ని మనసులో సిద్ధం చేసుకున్నాను. బస్సు దగ్గింది, మూలిగింది, కదిలింది. చెయ్యి ఊపుదామని తల బయటపెట్టాను. నర్సవ్వ రోడ్డు పక్క అడవిరేగు చెట్టు దగ్గర గొంతుకూర్చుని ఉంది. ఎడమచేత్తో కొమ్మ వంచి పట్టుకుని, కొత్త చాకుతో తోలు లేపి, లోపల తడి ఉందో లేదో చూసుకుంటోంది. నేను వెళ్లిపోతున్నానన్న సంగతే మరిచిపోయింది.